చట్రానికి అటువైపు

రిబ్బను కొసను ఏటవాలుగా కత్తిరించి, సూది బెజ్జంలో దూర్చి, ఆ కొసలోనే సూదిమొనతో ఒక పోటు పొడిచి, రెండో చివర పట్టుకుని లాగింది చిన్నకోడలు. రిబ్బను జారి బెజ్జం దగ్గర కరుచుకుని కూర్చుంది. ముడి అక్కర్లేదు. ఈ పని ఆమె కళ్ళు మూసుకుని చేయగలదు. ఈవేళ ఇంచుమించు అలాగే చేస్తోంది. ఆమె ధ్యాస వేళ్ళలో లేదు, నాలిక చివర ఉంది. అక్కడ ఒకే ఒక్క మాట పొద్దుటినుంచీ మకాం వేసింది. బయటికి రాదు, లోపలికి పోదు.

చట్రం మంచమంత ఉంది. నాలుగు కోళ్ళ మీద నిలబెట్టిన ఆ కర్రచట్రానికి మీగడరంగు పట్టుగుడ్డ డోలు మీద తోలులా బిగించి ఉంది. ఒక హోటలువాళ్ళ ముందుగదికి తెర అది. గుడ్డ నిండా తీగలు పాకాలి, తీగల నిండా పువ్వులు పూయాలి. కిటికీ వైపు సగం చిన్నకోడలిది, గోడ వైపు సగం పెద్దకోడలిది. రెండు తీగలూ మధ్యలో కలుసుకునేట్టు కుట్టుగది నడిపే మాస్టరు పెన్సిలుతో గీసిపెట్టాడు.

"కలుసుకోవాల్సింది తీగలు గనక సరిపోయింది" అని ఇస్త్రీ ఆవిడ మొన్న తన బల్ల దగ్గరినుంచి అంది. గదిలో అందరూ నవ్వారు, ఇద్దరు తప్ప.

యాభై దాటినా ఆమె చిన్నకోడలే. అరవై దాటినా ఎదురుగా కూర్చున్నావిడ పెద్దకోడలే. ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. ఒకే ఇంట్లో పైనొకరు, కిందొకరు. ఒకే అత్తగారి దగ్గర ఈ పని నేర్చారు. దుకాణం పైనున్న ఈ కుట్టుగదిలో, ఒకే చట్రానికి చెరోవైపు కూర్చుని వయసంతా ఇక్కడే ఖర్చుపెట్టారు. పొద్దున్నే ఒకే వీధిలో ఒకరి వెనక ఒకరు నడిచి వస్తారు. సాయంత్రం అలాగే వెళ్తారు. మాటలు మాత్రం లేవు. మాటలు పోయిన నాటికి చిన్నకోడలి కూతురు రెండు జడలతో బడికి వెళ్ళే పిల్ల. ఇప్పుడా పిల్ల నిండు చూలాలు.

మాటలు లేవంటే పనులు ఆగాయని కాదు. పెద్దకోడలికి ఆకుపచ్చ రీలు కావాలంటే, "ఆకుపచ్చది ఎవరి దగ్గరుందో" అని గాలినడిగేది. చిన్నకోడలు ఆ రీలును చట్రం అంచున పెట్టి, "గాలికే కావాలేమో" అన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకునేది. మరీ తప్పనిసరైన సంగతులు ఇస్త్రీ ఆవిడ ద్వారా నడిచేవి. "నన్ను బట్టలు ఇస్త్రీ చెయ్యడానికి పెట్టారో, మీ ఇద్దరి మొహాలు ఇస్త్రీ చెయ్యడానికి పెట్టారో అర్థంకాక చస్తున్నా" అని ఆవిడ విసుక్కునేది గాని, రాయబారం మానలేదు.

ఈమధ్య చేరిన కొత్తావిడ మొదట్లో పెద్దకోడలికి చెవుడేమో అనుకుంది. నలభైకి దగ్గరపడిన మనిషి, అదివరకు దుప్పట్ల ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసింది. చట్రానికి ఇరుకువైపున కూర్చుని ఆ ఇద్దరి దగ్గరా పని నేర్చుకుంటోంది. అసలు సంగతి తెలిసిన రోజున ఆవిడ నోరు తెరుచుకుని అలా ఉండిపోయింది. ఒకే ఇల్లా, ఒకే చట్రమా, మరి ఎలా అని అడిగింది. అలవాటైతే అరికాల్లో ముల్లు కూడా ఒంట్లో భాగమేనంది ఇస్త్రీ ఆవిడ.

ఈవేళ కొత్తావిడ చేతిలో రిబ్బను మెలితిరిగి తాడులా తయారైంది. పెద్దకోడలు తలెత్తకుండానే అది గమనించింది. భారీ మనిషి. గోడకీ చట్రానికీ మధ్య ఉన్న చేతుల కుర్చీలో దిగబడినట్టు కూర్చుంటుంది. ఒక చెయ్యి గుడ్డ పైన, ఒక చెయ్యి గుడ్డ కింద. గొంతు మెల్లనిదే, కాని గదంతా వినిపిస్తుంది.

"రిబ్బన్ని లాగకమ్మా. రమ్మని పిలువు. లాగితే దారమవుతుంది, పిలిస్తే రేకవుతుంది."

మూరెడు మించి కొయ్యొద్దంది. గుడ్డలోంచి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ పట్టు అంచులు అరుగుతాయి, పొడుగు రిబ్బనుతో మొదలుపెట్టిన పువ్వు పూర్తయ్యేలోపే ముసలిదైపోతుంది. రిబ్బను కింద ఇంకో లావుపాటి సూది పెట్టి దాని మీదుగా జారనిస్తే మెలిపడదు. అల్లిక గులాబీకైతే ముందు దారంతో బండిచక్రానికి ఆకుల్లా ఐదు గీతలు వెయ్యాలి. సరిసంఖ్య వేశావో, పైనుంచి ఒకటి కిందినుంచి ఒకటి అల్లే లెక్క తప్పుతుంది. బల్ల మీద గాజుగ్లాసులో పెద్దకోడలు ఎప్పుడూ ఒక పువ్వు ఉంచుకునేది, అదీ వాడిపోతున్నదే. తాజా పువ్వు అందంగా ఉండి ఊరుకుంటుందనీ, వాడే పువ్వే రేకు అంచు ఎటు తిరగాలో నేర్పుతుందనీ చెప్పి, గ్లాసును కొత్తావిడ వైపు జరిపింది.

చిన్నకోడలు ఊరుకోలేకపోయింది. కొత్తావిడ వైపు తిరిగి, "మధ్యలో బిగువుగా మొదలెట్టి అంచుకొచ్చేసరికి వదులు చెయ్యాలని కూడా ఎవరైనా చెబితే బాగుణ్ణు. లేకపోతే గులాబీ కాస్తా బొత్తామవుతుంది" అంది.

అలవాటు ప్రకారం అటునుంచి ఓ చిన్న దగ్గు రావాలి. దగ్గు రాలేదు.

"ఆ మాట నిజమమ్మా" అంది పెద్దకోడలు, కొత్తావిడతోనే. "గులాబీ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఆవిడ చెప్పినట్టు చెయ్యి."

చిన్నకోడలి సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరి చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. ఇన్నేళ్ళలో అటువైపునుంచి ఆమెకి మెచ్చుకోలన్నది వచ్చి ఎరగదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఎవరో మేడమెట్ల మీద తివాచీ దులుపుతున్నారు. ఆ దుమ్మునే చాలాసేపు చూసింది.

ఆ మాట అన్న మనిషే ఒకప్పుడు ఆమెకి తల దువ్వింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు చిన్నకోడలికి అన్నీ భయమే. మెట్లంటే భయం, అత్తగారంటే భయం, చీకటంటే భయం. భయం వేసినప్పుడల్లా అక్క కొంగు పట్టుకునేది. పిల్ల పుట్టిన రోజున ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, ఆమె గోళ్ళు దిగి రక్తం వస్తున్నా చెయ్యి విడిపించుకోకుండా ఉన్నది పెద్దకోడలే. తనకి పిల్లల్లేరు. అందుకని ఏడవనూ లేదు, ఎవరి పిల్లని చూసీ కళ్ళల్లో నిప్పులు పోసుకోనూ లేదు. చిన్నకోడలి కూతురే కిందికీ పైకీ తిరుగుతూ ఇద్దరి ఒళ్ళోనూ పెరిగింది.

గొడవ ఒక ఎర్ర రిబ్బను దగ్గర మొదలైంది. తెల్లటి పరుపుదుప్పటి మీద చిన్నకోడలు మొదటిసారి సొంతంగా ఒక కొమ్మ వేసింది. గీతా తనదే, రంగూ తనదే. కొమ్మ నిండా ఎర్రపువ్వులు. మెడ పట్టేసినా లేవకుండా కుట్టింది. తెల్లారి వచ్చి చూస్తే కొమ్మ లేదు. గుడ్డ మీద సూది చేసిన కన్నాలు మాత్రం ఉన్నాయి. పెద్దకోడలు ఒడి నిండా ఎర్ర పేలికలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఏదో చెప్పబోయింది. చిన్నకోడలు చెప్పనివ్వలేదు. నా చేతిపని విప్పిన చేత్తో ఇచ్చే మంచినీళ్ళు కూడా నాకొద్దు, ఇవాళ్టినుంచి నువ్వెవరో నేనెవరో అని గదంతా వినేట్టు అనేసింది. పెద్దకోడలు తెరిచిన నోరు అలాగే మూసేసుకుంది.

వారం తిరక్కుండా ఇస్త్రీ ఆవిడ అదే ఎర్ర రిబ్బను ముక్కను తడిగుడ్డ మీద పెట్టి చూపించింది. గుడ్డంతా గులాబీరంగు మరక పాకింది. కొమ్మ పూర్తయిన సాయంత్రమే పెద్దకోడలు ఆ సంగతి కనిపెట్టి, దుప్పటి పాడైతే నింద ఎవరి మీదికొస్తుందో తెలిసి, అందరూ వెళ్ళాక ఒక్కతే కూర్చుని విప్పిందన్నమాట. వెళ్ళి ఒక్క మాట అంటే సరిపోయేది. రేపు అందాం అనుకుంది. ఆ రేపు ఎంతకీ ఇవాళ కాలేదు. కోపానికి కారణం ఎప్పుడో చచ్చిపోయింది, మౌనం మాత్రం ఇంట్లో మనిషిలా తిని కూర్చుంది.

బావగారు పోయినప్పుడు కూడా అంతే. చిన్నకోడలు వంట చేసి కూతురి చేత పంపింది. తనూ వెళ్ళి పెద్దకోడలి పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, తెల్లవార్లూ కూర్చుంది. ఇద్దరూ పెదవి కదపలేదు. ఎవరు ముందు అన్నదే తేలలేదు.

నిన్న సాయంత్రం కూతురు వచ్చి, నడుం పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నాకు ఊహ తెలిసిన కాణ్ణించీ నేనే మీ ఇద్దరికీ టెలిఫోను తీగని. అమ్మతో చెప్పు, పెద్దమ్మతో చెప్పు. నా బిడ్డకి ఆ ఉద్యోగం ఇవ్వను. రేపు నువ్వు మాట్లాడు. మాట్లాడకపోతే మీ ఇద్దర్నీ ఆసుపత్రికి రానివ్వను."

"నేనే ఎందుకు మాట్లాడాలి? పెద్దది ఆవిడ కాదూ?"

"అన్నది నువ్వు కాదూ?"

అందుకే పొద్దుటినుంచీ ఆ ఒక్క మాట నాలిక చివర మకాం వేసింది. అక్కా. దాని తర్వాత ఏమనాలన్నది కూడా ఆలోచించింది. 'అక్కా, కత్తెర ఇలా ఇవ్వు' అందామా? మరీ కత్తెర కోసం దిగివచ్చినట్టుంటుంది. 'అక్కా, తప్పయిపోయింది' అందామా? మధ్యలో ఏడ్చేసి నవ్వులపాలవుతుంది. ఇస్త్రీ ఆవిడ వింటుంది, మాస్టరు వింటాడు, కొత్తావిడ మళ్ళీ నోరు తెరుస్తుంది. ఆకు ఒకటి కుట్టినప్పుడల్లా ఒక వాక్యం తయారుచేసింది, ఆకు పూర్తయ్యేసరికి కొట్టేసింది.

ఇంతలో అటునుంచి "స్స్" అన్న చప్పుడు. పెద్దకోడలికి సూది గుచ్చుకుంది. మీగడరంగు పట్టు మీద ఆవగింజంత ఎర్రచుక్క. గది గదంతా తలెత్తింది. పెద్దకోడలి వేలికి సూది దిగడం అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. ఆవిడ తొణకలేదు. తెల్లదారం ముక్క నోట్లో పెట్టుకుని తడిపి, ఆ తడిదారంతో చుక్కను అద్దింది. ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందని, నీళ్ళు తగిలిస్తే మరక పాకుతుందని కొత్తావిడకి చెబుతూనే అద్దింది. చుక్క పోయింది. కాని అద్దుతున్న చెయ్యి వణకడం చిన్నకోడలు చూసింది. 'అయ్యో' అన్నది గొంతుదాకా వచ్చింది. ఇదే సమయం, అనేసెయ్యి అనుకుంది. ఈలోగా మాస్టరు వచ్చి తీగ మలుపు గురించి ఏదో అడగడంతో సమయం కాస్తా దాటిపోయింది.

భోజనానికి అందరూ లేచారు. పెద్దకోడలు లేవలేదు. ఆకలిగా లేదనీ, ఈ పువ్వొక్కటి అయ్యాక వస్తాననీ కొత్తావిడతో అంది. చిన్నకోడలు పక్కగదిలో డబ్బా తెరిచి, ఏం తింటోందో తెలియకుండా తినేసింది. నీళ్ళు తాగుతుంటే హఠాత్తుగా మాట దొరికింది. పిల్లకి పుట్టబోయే బిడ్డకి దుప్పటి. ఇద్దరూ కలిసి కుట్టాలి. క్షమాపణ అక్కర్లేదు, కత్తెరా అక్కర్లేదు. ఇంత తేలికైనది ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. చేతులు కడుక్కుని దాదాపు పరుగులాంటి నడకతో వచ్చింది.

గదిలోకి ఒకరొకరే వచ్చి కూర్చున్నారు. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతోంది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి చట్రం మీద పడి పట్టు తళతళలాడుతోంది. పెద్దకోడలు ఎప్పటిలాగే తల వంచుకుని, గోడకి ఆనుకుని, ఒక చెయ్యి గుడ్డ మీద పెట్టి కూర్చుని ఉంది. చిన్నకోడలు సూది చేతిలోకి తీసుకుంది. పని పట్టుకోకపోతే ధైర్యం రాదు. ఒక కుట్టు వేసింది. రెండో కుట్టు వేస్తూ, గుడ్డ వైపే చూస్తూ అంది.

"అక్కా."

కొత్తావిడ చేతిలోంచి కత్తెర జారింది. ఇస్త్రీ ఆవిడ పెట్టెను నిలబెట్టేసి, రెండు చేతులూ కొంగుకి తుడుచుకుంటూ నిలబడిపోయింది. ఆ గది ఆ పిలుపు విని ఒక తరమైంది.

"పిల్లకి ఈ వారమో వచ్చే వారమో అంటున్నారు. పుట్టేదానికి దుప్పటి ఒకటి కుడదామని ఉంది. నువ్వో పక్క, నేనో పక్క. ఏమంటావు?"

జవాబు లేదు.

చిన్నకోడలు ఆగింది. అంత తొందరగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. ఇన్నేళ్ళ తుప్పు వదలాలి కదా. మరో కుట్టు వేసింది. ఆ ఎర్రరంగు వదులుతుందని తనకి అప్పుడే తెలిసిందని, తెలిసి కూడా నోరు రాలేదని మెల్లగా, గుడ్డతో చెబుతున్నట్టు చెప్పింది. చెబుతుంటే తేలికైంది. ఇంకా చెప్పింది. బావగారు పోయినప్పుడు పక్కనే కూర్చుని కూడా ఒక్క మాట అనలేకపోయినందుకు ఇప్పటికీ నిద్రపట్టదంది. అటు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయం.

అటునుంచి దగ్గు కూడా లేదు.

అందరూ చూస్తున్నారు. తను ఇంత దిగితే, ఒక్క మెట్టు, ఒకే ఒక్క మెట్టు ఆవిడ దిగి రాకూడదూ? పొద్దున్న అంత మంచిగా మాట్లాడిన మనిషి ఇప్పుడు బండరాయైపోయిందేం?

"ఇంత గీర పనికిరాదక్కా" అంది, గొంతు లేచింది. "తప్పు నాదేనంటున్నాగా. అందరి ముందూ అంటున్నా. ఒక్క మాటంటే నీ సొమ్మేం పోతుంది? పొమ్మనైనా అను. నీతో వేగలేను పొమ్మనైనా అను."

ఎవరూ కదల్లేదు. కొత్తావిడే పెద్దకోడలికి దగ్గరగా ఉంది. "పెద్దమ్మగారూ, ఆవిడ పిలుస్తున్నారండీ" అంటూ గుడ్డ మీదున్న ఆ చేతిని తాకింది. తాకిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకోలేదు. అలాగే ఉంచి, మొహం మాత్రం చిన్నకోడలి వైపు తిప్పింది. ఆ మొహంలో రంగు లేదు.

"అమ్మా," అంది. "ఈవిడ లేరు."

ఎక్కడికి వెళ్ళింది, ఎదురుగా కూర్చుని ఉంటే, అనుకుంది చిన్నకోడలు. నిజంగా అలాగే అనుకుంది. అప్పుడే, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి తిన్నగా తలెత్తి ఎదుటి మొహంలోకి చూసింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. కళ్ళు అరమూతలు పడి, పువ్వు మీదే ఉన్నాయి. ఆ కళ్ళు ఏ పువ్వునూ చూడడం లేదు.

ఆ తర్వాత జరిగినవి ఆమెకి ముక్కలు ముక్కలుగానే తెలుసు. మాస్టరు మెట్లు దిగుతున్న చప్పుడు. వీధి చివరి క్లినిక్కునుంచి డాక్టరు, ఇంకా పూర్తిగా తొడుక్కోని తెల్లకోటు. చట్రాన్ని పక్కకి జరిపితేగాని పెద్దకోడల్ని బయటికి తీయలేకపోయారు. కుర్చీలో నిండుగా, గోడ ఆసరాతో కూర్చుంది గనకే ఒరిగిపోలేదు. డాక్టరు గుండె అన్నాడు. బాధపడి ఉండరన్నాడు, కునుకులో పోయినట్టే అన్నాడు.

"ఎప్పుడు?" అని అడిగింది చిన్నకోడలు.

కాసేపై ఉండొచ్చన్నాడు. మరీ ఎక్కువసేపు కాదన్నాడు.

"నేను మాట్లాడుతున్నప్పుడు ఉందా?"

డాక్టరుకి అర్థంకాలేదు. ఇస్త్రీ ఆవిడ పక్కకి తీసుకెళ్ళి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన తిరిగి వచ్చి, అది ఎవరూ కచ్చితంగా చెప్పలేరమ్మా అన్నాడు. భోజనం నుంచి వచ్చేసరికి ఆవిడ తల ఊపినట్టే అనిపించిందని కొత్తావిడ ఏడుస్తూ అంది. మళ్ళీ తనే, కాదేమో, ఫ్యాను గాలికి కొంగు కదిలిందేమో అంది.

చిన్నకోడలు ఏడవలేదు. అందరి వెనకా మెట్లు దిగింది, అంబులెన్సు దాకా వెళ్ళింది. తలుపు మూస్తుంటే ఇస్త్రీ ఆవిడ ఆమె గుప్పిట పట్టుకుని బలవంతంగా విప్పింది. లోపల సూది ఉంది, వేలెడు రిబ్బను వేలాడుతూ. మేడ మీదినుంచి దాన్ని అలాగే పట్టుకుని దిగింది. అరచేతిలో మొన దిగి ఉంది. నొప్పి తెలియలేదు.

భర్త పరుగున వచ్చాడు. వదిన మొహం చూసి గోడ పట్టుకున్నాడు. వదినతో తను వెళ్తానన్నాడు. పిల్లకి ఫోనులో చెప్పొద్దనీ, అసలే ఒట్టిమనిషి కాదు, పక్కన కూర్చుని చెప్పాలనీ, ఆమెనే పిల్ల దగ్గరికి వెళ్ళమనీ అన్నాడు. ఆమె తల ఊపింది. సంచి పైనే ఉండిపోయిందని గుర్తొచ్చి మెట్లెక్కింది.

గదిలో ఎవరూ లేరు. మాస్టరు అందర్నీ పంపేశాడు. సంచి భుజాన వేసుకుంటుండగా అందులో ఫోను మోగింది. కూతురు.

"మాట్లాడావా అమ్మా?"

"మాట్లాడానే."

అటువైపు పిల్ల గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. "నిజంగా? నామీద ఒట్టు? ఎలా మొదలెట్టావు?"

"అక్కా అన్నాను."

"పెద్దమ్మ ఏమంది?"

చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుంది.

"ఏమీ అన్లేదా? ఇంకా కోపంగా ఉందా?"

"లేదమ్మా," అంది. ఆ గొంతు తనదని ఆమెకే తెలియలేదు. "కోపం లేదు. నువ్వు పడుకో. నేను వస్తున్నా. వచ్చి చెబుతా."

ఫోను సంచిలో పెట్టేసింది. తలుపు వైపు నడిచినదల్లా ఆగి, చట్రం చుట్టూ తిరిగి గోడ వైపుకి వెళ్ళింది. ఆ పక్కకి వెళ్ళడం ఆమెకి తెలిసి ఎన్నడూ జరగలేదు. అక్కణ్ణుంచి చూస్తే అది తను రోజూ కూర్చునే గదిలా లేదు. కిటికీ వెలుగంతా ఎదురుగా ఉంది, ఆ వెలుగు ముందు తన ఖాళీ కుర్చీ. పెద్దకోడలు తలెత్తిన ప్రతిసారీ ఆ వెలుగులో కనపడిన మనిషి తనే. ఇన్నేళ్ళూ.

వంగి గుడ్డ మీద చివరి పువ్వు చూసింది. విడిరేకుల పువ్వు. కొన్ని రేకులు పడ్డాయి, కొన్ని పడాలి. తను అక్కా అని పిలిచినప్పటికి దీనికి ఎన్ని రేకులున్నాయి? అది తెలిస్తే చాలు. ఆ పిలుపు తర్వాత ఒక్క రేకు పడి ఉన్నా విన్నట్టే. ఒక్కటి, సగమైనా చాలు. ఆమె వేలితో ఒక్కొక్క రేకునూ తాకుతూ, భోజనం నుంచి వచ్చి కూర్చున్న క్షణాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఎండ గుర్తుంది. ఇస్త్రీ పెట్టె వాసన గుర్తుంది. తన సగంలో ఎక్కడ ఏ ఆకు ఉందో కూడా గుర్తుంది. అటు సగం గుర్తులేదు. గుర్తుండే వీల్లేదు. అటు చూడకుండా ఉండటమే ఇన్నేళ్ళుగా ఆమె పట్టిన పట్టు.

మళ్ళీ మొదటినుంచి తాకింది. ఏడుపు అప్పుడు కూడా రాలేదు. కింద మాస్టరు తాళాల గుత్తి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, తొందరేం లేదమ్మా అంటున్నాడు.

పెద్దకోడల్ని లేవదీసేటప్పుడు జారిన కళ్ళజోడు గుడ్డ మీద బోర్లా పడి ఉంది. సంచిలో పెట్టుకుందామని చెయ్యి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకుంది. దాని ఒక అద్దం కింద, సగం పడిన రేకొకటి ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తోంది.